మేం వెళ్లిన రోజు గాలి

ముందుగా ప్రమాణం. దోసిట్లో గోదావరి నీళ్లు పట్టుకుని, తూర్పుకి తిరిగి చెబుతున్నాను: ఇందులో ప్రతి ముక్కా నిజం. మా చుట్టాల్లో నా మాట నమ్మేవాళ్లు తక్కువ. రైలు రాజమండ్రి బ్రిడ్జి మీద ఆగితే పులస చేప ఎగిరొచ్చి నా ఒళ్లో పడిందని ఒకసారి పెళ్లి పందిట్లో చెప్పాను. అప్పట్నుంచీ నేను వానొస్తోందన్నా సరే, మా బావమరిది గుమ్మం దాటి చెయ్యి చాపి చూసుకుని గానీ గొడుగు తీసుకోడు. అందుకే ఈసారి ఒట్టు ముందే వేసేస్తున్నాను.

నేను చేసిన ఉద్యోగం ఏంటంటే, రాజమండ్రి పొలిమేరలో ఒక రంగుల కంపెనీ వారి పరిశోధనశాలలో, గాలిలోని విషాన్ని విరగ్గొట్టే పొడులు తయారుచెయ్యడం. యాభై దాటిన కొద్దిరోజులకే స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. ఏ ఏడు ఏ హోదా వచ్చిందో మీకు అనవసరం, నాకే సరిగ్గా గుర్తులేదు. మొన్న ఒక కాలేజీకి పిలిస్తే వెళ్లాను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ పిల్లలు "ఈ లైన్లోకి రావచ్చా అండి?" అని అడిగారు. పక్కన ప్రిన్సిపాల్‌గారు కూర్చుని ఉన్నారు, మెడలో వాళ్లు వేసిన దండ ఉంది. రండి రండి అన్నాను. దండ తీసేశాక చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

రెండు గోపురాలు, ఒక పూతరేకు

టైటానియం డయాక్సైడ్ అనేది తెల్లటి పొడి. మీ గోడ రంగులో ఉంటుంది, పళ్లపేస్టులో ఉంటుంది. దానిమీద అతినీలలోహిత కాంతి పడితే, తనని అంటుకున్న విషవాయువుల్ని ముక్కలు చేస్తుంది. తను మాత్రం కరిగిపోదు, అందుకే దాన్ని ఉత్ప్రేరకం అంటాం. ఇంతవరకూ పాఠ్యపుస్తకంలో ఉంటుంది.

అసలు సంగతి ఏంటంటే, ఆ పొడిలో ప్రతి రేణువూ ఒక స్ఫటికం. పటికబెల్లం ముక్కకి ఉన్నట్టే దానికీ పలకలు ఉంటాయి. వాటిని మేం ముఖాలు అంటాం. మామూలుగా పెరిగితే రెండు గుడి గోపురాల్ని అడుగులు కలిపి అతికించినట్టు ఉంటుంది. ఏటవాలు ముఖాలు నెమ్మదస్తులు. ఆ గోపురాల శిఖరాలు కోసేస్తే బల్లపరుపుగా ఒక ముఖం బయటపడుతుంది. అది ఆకలిగొన్న ముఖం. దగ్గరికొచ్చిన వాయువుని పట్టుకుని వదలదు. అయితే స్ఫటికం ఆ ముఖాన్ని బయట పెట్టుకోవడానికి ఒప్పుకోదు, పెరుగుతూ పెరుగుతూ కప్పేసుకుంటుంది. కప్పుకోకుండా అడ్డుపడటానికి ఫ్లోరైడ్ వెయ్యాలి. అప్పుడు స్ఫటికం గోపురంలా కాకుండా ఆత్రేయపురం పూతరేకులా పల్చగా, వెడల్పుగా వస్తుంది.

మా డైరెక్టరు పరాంకుశంగారికి ఆ బల్లపరుపు ముఖం మీద కన్నకూతురంత ప్రేమ. ఇంకా పెంచండి, ఇంకా పల్చన చెయ్యండి అనేవారు. పెంచాం. ఒక హద్దు దాటాక పొడి పని తగ్గిపోయింది. కారణం తర్వాత తెలిసింది. కాంతి పడ్డప్పుడు స్ఫటికంలో రెండు రకాల ఆవేశాలు పుడతాయి. ఒకటి ఏటవాలు ముఖానికి, రెండోది బల్లపరుపు ముఖానికి చేరితేనే రెండూ విడివిడిగా బతికి పనిచేస్తాయి. చేరడానికి రెండు ముఖాలూ ఉండాలి కదా. ఇల్లంతా వంటగదే కట్టుకుంటే నడుం వాల్చేదెక్కడ? మీరు ఈ పనిలోకి వస్తే గుర్తుంచుకోండి: ఏ ముఖం గొప్పది అని అడిగేవాడు సగం ప్రశ్నే అడుగుతున్నాడు.

ఆ ఫ్లోరైడ్ ఎక్కడినుంచి వస్తుందంటే, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం నుంచి. అది పల్చగా ఉంటే చర్మం మీద పడినప్పుడు మొదట మంట కూడా ఉండదు. లోపలికి దిగి ఎముకలో కాల్షియంని వెతుక్కుంటుంది. దానికి విరుగుడు కాల్షియం జెల్. మా ల్యాబులో ఆ జెల్‌ని ఫ్రిజ్‌లో, పరాంకుశంగారి పెరుగు గిన్నె పక్కన పెట్టేవాళ్లు. పెరుగు పెట్టడానికి చోటు లేనప్పుడు తీసేది జెల్‌నే. ఒకసారి పెద్ద గొడవ చేసి జెల్‌కి వేరే అలమార సంపాదించాను. నా సర్వీసులో నేను గెలిచిన యుద్ధం అదొక్కటే. ఏ ల్యాబులో చేరినా ముందు ఆ జెల్ ఎక్కడుందో అడగండి. మాటలు తడబడితే వెనక్కి వచ్చేయండి.

తినేవీ పొడులూ ఒకే గదిలో ఉన్న ఫలితంగా, ఒకరోజు మా పొడి పరాంకుశంగారి కొబ్బరి పచ్చడిలో కలిసింది. ఆయన ఇడ్లీ ముంచుకుని తిని, "ఇవాళ పచ్చడి మంచి తెల్లగా ఉందయ్యా, ఎవరింటి కొబ్బరి?" అన్నారు. అంబాజీపేట కొబ్బరండి అన్నాను. ఇదీ నిజమే, ఒట్టు వేశాను కదా.

వీరభద్రంగారి ఊక బోర్డులు

మండపేట చుట్టూ రైసు మిల్లులు. మిల్లు ఉన్నచోట ఊక కొండలు. వీరభద్రంగారు ఆ ఊకకి జిగురు కలిపి, వేడి ప్రెస్సులో నొక్కి, బీరువాలకీ తలుపులకీ పనికొచ్చే బోర్డులు చేసేవారు. మంచి ఆలోచన. కాని ఆ జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. ప్రెస్సు వేడికి అది గాల్లోకి లేస్తుంది. లోపలికి వెళ్లగానే కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఏమవుతుందో పుస్తకాల్లో ఉంది, అది చదివాక ఆ షెడ్డులో కూర్చుని టీ తాగలేరు.

జిగురు కలిపే చోట సత్యవతి అనే ఆవిడ పనిచేసేది. నలభై దాటి ఉంటాయి. మా పొడిని పరీక్షించే చోటు చూసుకోవడానికి మొదటిసారి మేం వెళ్లినప్పటికే ఆవిడ పది మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకునేది. నడుముకి కట్టుకున్న సంచిలో పీల్చే మందు ఉండేది. డాక్టరు ఆ గదిలో పని వద్దన్నాడు. ఊక ఎండబెట్టే కళ్లంలోకి మారుస్తానని వీరభద్రంగారు మాట కూడా ఇచ్చారు. కళ్లం ఆరుబయట, గాలి బోలెడు. పండగ వెళ్లాక మారుస్తానన్నారు.

ఆ లోపు మేం వెళ్లాం.

మా పూతరేకు స్ఫటికాల్ని పలకలకి పూసి, ఎదురుగా అతినీలలోహిత కాంతినిచ్చే దీపాలు పెట్టి, పెద్ద బీరువాలంటి మిషను చేశాం. గదిలో గాలి ఒకవైపు నుంచి పీల్చి, పలకల మీదుగా పంపి, రెండోవైపు వదులుతుంది. ల్యాబులో చిన్న గాజు పెట్టెలో పెట్టి చూస్తే ఫార్మాల్డిహైడ్ గంటలోపే మాయమయ్యేది. ఊరేగించి తీసుకెళ్లి ప్రెస్సు పక్కన నిలబెట్టాం. గుమ్మడికాయ కొట్టారు. పరాంకుశంగారు స్విచ్ నొక్కి, "ఇకనుంచి మీ ఫ్యాక్టరీలో గాలి కోనసీమ గాలి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

మర్నాడు సత్యవతి కళ్లంలోకి ఎప్పుడు మారుస్తారని వెళ్లి అడిగిందట. వీరభద్రంగారు నవ్వి, "మిషను వచ్చింది కదమ్మా, ఇంక బయటికెందుకు? ఎండలో మాడిపోతావు" అన్నారట. ఆయన ఆ మాట దుర్మార్గంగా అనలేదు. మమ్మల్ని నమ్మి అన్నారు. అక్కడ మా మిషను చేసిన మొదటి పని అది: గాల్లోకి వెళ్లబోతున్న ఒక మనిషిని లోపలే ఆపేయడం.

మర్యాద

మిషను ఎలా పనిచేస్తోందో చూడటానికి నెలనెలా మీటరు పట్టుకుని వెళ్లేవాళ్లం. వెళ్లే ముందు ఫోను చెయ్యడం పద్ధతి. గోదావరి జిల్లాలో ఫోను చేసి వెళ్లడం అంటే ఏంటో బయటివాళ్లకి తెలియదు. గేటు దగ్గర కొబ్బరిబొండాలు, లోపల కాజాలు, మధ్యాహ్నం పనసపొట్టు కూర, తిన్నాక ఇంకో ముద్ద వేసుకోకపోతే అలక. వీరభద్రంగారు అందులో జిల్లాకే మొనగాడు. మాకు కాలు నొప్పి పెట్టకూడదు, కడుపు ఖాళీగా ఉండకూడదు.

కళ్లు కూడా మండకూడదు కదా. అందుకని మేం వస్తున్నామంటే ముందురోజు సాయంత్రమే షెడ్డు కిటికీలన్నీ తీయించేవారు. గోడకున్న పెద్ద ఫ్యాన్లు తిప్పించేవారు. నేల కడిగించి అగరొత్తులు వెలిగించేవారు. ఉదయం ప్రెస్సు కూడా ఆపి ఉంచేవారు, చప్పుడికి మాకు మాట వినపడదని. ఆ గాలిలో మేం మీటరు పెట్టేవాళ్లం. అంకె అద్భుతంగా ఉండేది. పరాంకుశంగారు నా భుజం తట్టి, బల్లపరుపు ముఖం ప్రభావం చూశావా అనేవారు.

మామూలు రోజుల్లో కిటికీలు ఎందుకు మూసేవారంటే, డెల్టా గాలిలో తేమ ఎక్కువ. బోర్డులు ఉబ్బిపోతాయి. అంతకుముందు కూలీల కళ్ల కోసమే కిటికీలు తీసేవారు. మిషను వచ్చాక ఆ అవసరం తీరిపోయిందనుకున్నారు. ఫ్యాన్లూ ఆపేశారు. ఇంత చదువుకున్నవాళ్లు ఇంత పెద్ద బీరువా పెట్టాక ఇంకా కిటికీ తియ్యడం మమ్మల్ని అనుమానించినట్టు ఉంటుందని కూడా ఆయన అనుకున్నారు. అదీ మర్యాదే.

ఈ సంగతి నాకు చెప్పింది సత్యవతే. మూడోసారో నాలుగోసారో వెళ్లినప్పుడు, చేతులు కడుక్కోవడానికి నేను పంపు దగ్గరికి వెళ్తే, ఆవిడ చెంబుతో నీళ్లు పోస్తూ చెప్పింది.

"బాబుగారూ, మీరొత్తున్నారంటే కిటికీలు తీత్తారండి. మీ కారు గేటు దాటగానే మూసేత్తారండి."

"మిషను తిరుగుతూనే ఉంటుంది కదమ్మా?"

"ఆయ్, తిరుగుద్దండి. మా ఇంట్లో గడియారం కూడా తిరుగుద్దండి, టైము మాత్రం సెప్పదు."

నవ్వాను. ఆవిడ నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగాక సంచిలోంచి మందు తీసి పీల్చి, చెంబు బోర్లించి లోపలికి వెళ్లిపోయింది.

దారిలో కారులో పరాంకుశంగారికి చెప్పాను. ఆయన అరటిగెల ఒళ్లో పెట్టుకుని ఉన్నారు, వీరభద్రంగారు పెట్టించింది. "కిటికీలు వాళ్ల ఇంటి వ్యవహారమయ్యా. మన పని స్ఫటికాలు" అన్నారు.

ఫోను చెయ్యకుండా వెళ్లిన రోజు

దసరా వెళ్లిన వారంలో ఒక్కణ్ణే బస్సెక్కి వెళ్లాను. మీటరు చేతిసంచిలో పెట్టుకున్నాను. గేటు దగ్గర కాపలా మనిషి నన్ను చూసి, ముఖ్యమంత్రి వచ్చినట్టు లోపలికి పరిగెత్తబోయాడు. అతని భుజం మీద చెయ్యి వేసి అలాగే నడిపించుకుంటూ షెడ్డులోకి వెళ్లాను.

కిటికీలు మూసి ఉన్నాయి. ప్రెస్సు నడుస్తోంది. మీటరు తెరిచేలోపే నా కళ్లు మీటరు పని చేసేశాయి. అంకె చెప్పను, చెప్పినా నా మాట నమ్మరు. ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు.

మిషను తలుపు తీశాను. ఆయుధపూజ చేశారు దానికి. ల్యాబులో వేలితో ముట్టుకోనివ్వని పలకలకి పసుపు పూసి, వరసగా కుంకుమ బొట్లు పెట్టారు. దీపాల గొట్టాలకి కూడా గంధం, పసుపు దిట్టంగా పట్టించారు. స్ఫటికానికి కావలసిన కాంతి ఆ పసుపులోనే ఆగిపోతోంది. బయట ఆకుపచ్చ బల్బు మాత్రం చక్కగా వెలుగుతోంది, కరెంటు వస్తోందని చెప్పడం వరకే దాని బాధ్యత. ఎవరైనా తుడవచ్చు కదా అంటే, అమ్మవారికి పెట్టిన పసుపు తుడుస్తారాండీ అన్నారు కూలీలు. నేనూ తుడవలేకపోయాను. చివరికి రుమాలు తడిపి తుడిచాను.

పసుపు కింద ఏముందో అప్పుడు కనిపించింది. ఊక దుమ్ము, జిగురు పొర, తేమ. పసుపు తప్పు పూజవాళ్లది, ఒప్పుకుంటాను. కింద ఉన్న తప్పు మాది. మా గాజు పెట్టెలో పొడిగాలి పెట్టి, ఒక్క ఫార్మాల్డిహైడ్ మాత్రమే వడ్డించాం. ఆకలిగొన్నవాడు విస్తట్లో ఏది ముందు పడితే అది తింటాడు. ఆ ముఖం ముందు నీటి ఆవిరిని పట్టుకుంది, దుమ్ముని పట్టుకుంది. విషం వచ్చేసరికి చోటు లేదు. దేన్నైనా ఆబగా పట్టుకునే ముఖం మంచిదాన్నీ చెడ్డదాన్నీ ఏరుకుని పట్టుకోదు. ఇది పుస్తకంలో చదివినా మాకు అర్థం కాలేదు, తడిసిన రుమాలు చూస్తే అర్థమైంది.

వీరభద్రంగారు కబురు తెలిసి భోజనం మధ్యలో లేచి వచ్చారు. చెయ్యి ఇంకా ఎంగిలిగానే ఉంది. "ఏంటండి ఇది, చెప్పకుండా వస్తారా? ఇంట్లో ఇవాళ పప్పు తప్ప ఏమీ లేదు" అన్నారు. ఆయన బాధ నిజమైన బాధ. నేను మీటరు చూపించి, కిటికీలు తియ్యండి, ఫ్యాన్లు వెయ్యండి, సత్యవతిని కళ్లంలోకి పంపండి అన్నాను. ఆయన మిషను వైపు చూశారు, నా వైపు చూశారు. "మరి ఇదెందుకండి?" అన్నారు. కిటికీలు అప్పటికప్పుడు తీయించారు.

రాజమండ్రి వచ్చి పరాంకుశంగారి ముందు అంకెలు పెట్టాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని తీరిగ్గా చెప్పారు: "మనం చెప్పి వెళ్లిన రోజుల రీడింగులు పద్ధతి ప్రకారం తీసినవి. నువ్వు చెప్పకుండా వెళ్లి తీసింది పద్ధతిలో లేదు. లేనిదాన్ని ఎలా లెక్కలోకి తీసుకోమంటావు?"

అంతకంటే తెలివైన మాట నేను నా జీవితంలో వినలేదు. దానికి జవాబు వెతుకుతూ కొన్ని వారాలు గడిపాను. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన స్ఫటికం మంచిదే, ఇప్పటికీ అంటాను. ఆయన ఎప్పుడూ ఆ గదిలో ప్రెస్సు నడుస్తుండగా నిలబడలేదు, అంతే. మీకు మీ బాసు గురించి ఒక్కటే తెలుసుకునే అవకాశం ఉంటే, అది తెలుసుకోండి: మందు తయారుచేసిన గదిలో కాకుండా, జబ్బు ఉన్న గదిలో ఎంతసేపు నిలబడ్డాడు?

వాయుగుండం పట్టి వాన మొదలైంది. బోర్డులు ఉబ్బాయి. కిటికీలు మళ్లీ మూశారు.

పెసరట్టు

సత్యవతి సంగతి చెప్పాలి. ఆ వానల్లోనే ఆవిడ పని మానేసింది. ఇప్పుడు రామచంద్రపురం బస్టాండు దగ్గర పెసరట్ల బండి పెట్టుకుంది. మొన్న అటువైపు వెళ్లినప్పుడు ఆగాను. గుర్తుపట్టి, అల్లం, పచ్చిమిర్చి దట్టంగా వేసి రెండు అట్లు వేసింది. సంచీ నడుముకే ఉంది గాని అందులో చిల్లర ఉంది, మందు లేదు. పెనం మీంచి పొగ లేస్తోంది.

"పొగ పడట్లేదా అమ్మా?" అన్నాను.

"ఇది ఆరుబయట పొగండి. ఎటు పోవాలో దానికి తెలుసు" అంది.

మూడో అట్టు కూడా తిన్నాను.

ఇక ఒట్టు సంగతి

పులస చేప విషయంలో నన్ను నమ్మకపోయినా ఫరవాలేదు. కొబ్బరి పచ్చడి నిజం. పెరుగు పక్కన జెల్ నిజం. అరటిగెల, పసుపు బొట్లు, ఎంగిలి చేత్తో వీరభద్రంగారు, పద్ధతిలో లేని రీడింగు, అన్నీ జరిగినవే. కల్పించింది ఒక్క పెసరట్టు.

సత్యవతి పని మానలేదు. ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం జిగురు తొట్టి పక్కన కూలబడింది. మందు పీల్చినా ఊపిరి అందలేదు. ఆటోలో కాకినాడ పెద్దాసుపత్రికి బయల్దేరదీశారు. రామచంద్రపురం బస్టాండు దగ్గరికి వచ్చేసరికి ఇంక కాకినాడ దాకా వెళ్లాల్సిన పని లేకపోయింది. డ్రైవరు ఆటో పక్కకి ఆపాడు. కథలో నేను బండి పెట్టించింది ఆ చోటే.

ఈ కథ చాలామందికి చెప్పాను. విన్నవాళ్లందరూ ఆ బండి బస్టాండుకి ఎటువైపు అండి అని అడుగుతారు. ఆవిడ పడిపోయిన రోజున కిటికీలు తీసి ఉన్నాయా అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

మూసే ఉన్నాయి. ఆ రోజు మేం వెళ్లలేదు.